ఒక్క ముఖానికే చోటు

గిడ్డమ్మ వాళ్ల కాలనీకి రావలసిన మోటారును పట్టపగలు ఎత్తుకుపోయింది మీరే. నెట్ సెంటర్ వెంకటేశ్వర్లూ, కేబుల్ టీవీ వాళ్లూ, పాటను కళ్లతో విన్న నీళ్ల ఆఫీసరూ, మీరంతా! కాదంటారా? అయితే జరిగింది వినండి.

డోన్ పక్క ఊళ్లో కాలనీ బోరు మోటారు కాలిపోయి మూడు నెలలైంది. అర్జీలు పెట్టీ పెట్టీ విసిగిపోయిన గిడ్డమ్మ, చేలో శనక్కాయలు పీకుతూ దాని మీదే పాట కట్టింది. ఆఫీసరు రోజూ సాయంత్రం కేబుల్ టీవీ చూస్తాడని ఎవరో చెబితే, సెల్‌ఫోన్‌లో పాడి కేబుల్ వాళ్ల దగ్గరికి తీసుకుపోయింది. ఉత్త పాట వెయ్యం, బొమ్మ కావాలన్నారు వాళ్లు.

వెంకటేశ్వర్లు దగ్గర అందుకో సాఫ్ట్‌వేర్ ఉంది. పైసా పెట్టి కొన్నది కాదు, నెట్‌లో ఊరికే దొరికింది. పాట ఒకటి, ఫొటో ఒకటి ఇచ్చి నొక్కితే వీడియో అయిపోతుంది. ఇంతకన్నా సులువైన పని లోకంలో లేదు. కానీ ఒక్క ఫొటోకే చోటు. అక్కడొచ్చింది తంటా. వెంకటేశ్వర్లు అన్నేళ్లూ చేసినవి ఫ్లెక్సీలు. చెవులు కుట్టే ఫ్లెక్సీ అయినా సరే, మండలాధ్యక్షుడి తల గుమ్మడికాయంత పెట్టి, మిగిలిన మూల పిల్లకివ్వడం ఆచారం. ఇందులో మూలల్లేవు. గిడ్డమ్మ తెచ్చిన ఖాళీ బిందెల ఫొటోను పక్కకు నెట్టి, అధ్యక్షుడి నవ్వుముఖం ఎక్కించాడు.

ఇదేందప్పా అని ఆమె నిలదీసింది.

"అన్న లేకుండా మనకాడ ఏ బొమ్మన్నా బయటికి పోయిందా అక్కా? పాట నీదే కదా, నీకేం తక్కువైతాది?" అన్నాడు.

మోటారు వస్తే చాల్లే అనుకుని ఊరుకుంది గిడ్డమ్మ.

మూడు సాయంత్రాలు వేశారు. రెప్ప వెయ్యకుండా, చేతులు జోడించి నవ్వుతూ, అధ్యక్షుడు ఆడగొంతుతో నీళ్లకోసం ఏడ్చాడు. ఒక్కరూ నవ్వలేదు. అనుచరులు పటాకులు కాల్చారు. ఆ గొంతు తనదని ఆయన అనలేదు, కాదనీ అనలేదు. దండలు మాత్రం వేయించుకున్నాడు. అధ్యక్షుడికే నీళ్లు లేకపోతే తన ఉద్యోగం ఏంగావాలని ఆఫీసరు హడలిపోయాడు. నాలుగో రోజు పొద్దున్నే కొత్త మోటారు తెచ్చి అధ్యక్షుడి వీధిలో ఇంకో బోరుకు బిగించాడు. ఆ వీధిలో అప్పటికే రెండు బోర్లు ఆడుతున్నాయి.

సంగతి తెలిసి గిడ్డమ్మ కాలనీ ఆడవాళ్లను వెంటేసుకుని ఆ వీధికి వచ్చింది. బోరు దగ్గర నిలబడి, ఆఫీసరు ముందే పాట ఎత్తుకుంది. ఆయన తెగ మురిసిపోయాడు. అన్న పాట భలే నేర్చుకున్నావమ్మా అని మెచ్చుకున్నాడు.

గిడ్డమ్మ పాట ఆపేసింది.

"నేర్చుకునేదేంది సార్? కట్టింది నేను. మోటారు కాలింది మా కాలనీ బోరుకు. ముఖం చూసి మోటారు తెచ్చినావు గదా, ఇప్పుడు నా ముఖం చూడు. పానా తెప్పీ. ఆ మోటారు విప్పు. పొద్దు గూకేలోపల మా బోర్లో దించు. దించేదాకా ఈడ ఎవురూ స్విచ్చి ముట్టుకునేది లేదు. మేం ఈడే కూసుంటాండాం."