చౌకవి మూడు

సోమవారం పదిన్నరలోపు నేను హాజరు పట్టీలో సంతకం పెట్టాలి. పెట్టకపోతే సస్పెన్షన్ కాగితం నా బల్ల మీదికి వస్తుంది. ఈ మాట మా సూపరింటెండెంట్ పురుషోత్తం గారు శుక్రవారం సాయంత్రం చెప్పారు. కోపంగా చెప్పలేదు. నా నోటి దగ్గరికి కొంచెం వంగి, వాసన చూసి, ఏమీ తగలక నిటారుగా కూర్చున్నారు.

"పొద్దుగాల తాగుడు మంచిది కాదు ప్రేమ్‌రాజ్. రాత్రి తాగు, ఎవరొద్దన్నరు?"

"సరే సార్" అన్నాను.

నేను తాగను. నయాపూల్ పక్కన కోర్టులో, నకళ్ల విభాగంలో పద్దెనిమిదేళ్లుగా పని చేస్తున్నాను. రోజూ ఆలస్యంగా వస్తుంటే తాగుబోతు అన్న పేరు గత సంవత్సరమే వచ్చింది. దాన్ని నేను కాదనలేదు. తాగుబోతును జనం తిడతారు, నవ్వుకుంటారు, కొంతవరకు అర్థం కూడా చేసుకుంటారు. అసలు సంగతి చెబితే ఎలా చూస్తారో నాకు తెలియదు.

అసలు సంగతి ఇది. ఉప్పుగూడలో ఇంటికి తాళం వేసి షేర్ ఆటో ఎక్కుతాను. శాలిబండ దగ్గరికి వచ్చేసరికి, గ్యాస్ సిలిండర్ నాబ్ మూశానా లేదా అనిపిస్తుంది. మూశానని తెలుసు. మూస్తూ "మూశాను" అని పైకి అనుకున్నదీ గుర్తుంది. కానీ ఆ గుర్తు ఇవాళ్టిదా, నిన్నటిదా? అక్కడ దిగిపోతాను. ఇంటికి వెళ్లి చూస్తే నాబ్ మూసే ఉంటుంది. సరిగ్గా మూసి ఉందో లేదో తెలియాలంటే ఒకసారి తెరిచి మళ్లీ మూయాలి. అంటే మూసి ఉన్న గ్యాస్‌ను తెరిచేది నేనొక్కణ్ణే. ఇదంతా నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన ఆటో దిగకుండా ఉండలేను.

నా భార్య స్వరూప ఇంట్లో ఉన్నప్పుడు గడప దగ్గర నిలబడి "బంద్ చేసిన, పో" అనేది. మొదట్లో ఒకసారి అంటే సరిపోయేది. తర్వాత మూడుసార్లు అనిపించుకున్నాను. తర్వాత శాలిబండ నుంచి ఫోన్ చేసేవాణ్ణి. చివరి నెలల్లో వీడియో కాల్‌లో నాబ్ చూపించేది. ఒకరోజు నాబ్ చూపించాక ఫోన్‌ను తన ముఖం వైపు తిప్పుకుంది. పిండి చేతులతోనే ఉంది.

"నన్ను నమ్మవు. గీ నాబ్‌ను నమ్మవు. మరి నేనెందుకు గీ ఇంట్ల?"

స్వరూప చంపాపేటలో ఉన్న తన అక్క బేబీ ఇంటికి వెళ్లి నాలుగు నెలలైంది. ఆమె వెళ్లాక ఒకసారి సిలిండర్‌ను పక్కింటి ఆగమ్మకు ఇచ్చేసి పది రోజులు హోటల్లో తిన్నాను. రెండో రోజు నుంచే తలుపు తాళం గురించి మొదలైంది. అది గ్యాస్ కంటే ఘోరం. ఆ పది రోజుల్లో రెండుసార్లు నయాపూల్ దాకా వచ్చి కూడా వెనక్కి వెళ్లాను. సిలిండర్ తిరిగి తెచ్చుకున్నాను. తెలిసిన భయమే నయం అనిపించింది.

నా బదులు ఒక యంత్రం నాబ్‌ను చూస్తూ ఉంటే బాగుండునన్న ఆలోచన మూడు వారాల కిందట వచ్చింది. నాబ్‌కు ఒక చిన్న అయస్కాంతం అతికించాలి. పక్కన, అయస్కాంతం దగ్గరికొస్తే కలుసుకునే గాజు స్విచ్ పెట్టాలి. దాన్ని చదివి ఫోన్‌కు చెప్పే ఒక మైక్రోకంట్రోలర్ బోర్డు కావాలి. అగ్గిపెట్టెంత ఉంటుంది, చౌకలోనే దొరుకుతుంది. వీడియోలు చూసి అంతవరకు నేర్చుకున్నాను. అది నన్ను కాపాడుతుందని నమ్మాను. అటువంటి నమ్మకం చాలా రోజుల తర్వాత కలిగింది.

కానీ ఏ బోర్డు? నోటుపుస్తకంలో పదకొండు పేర్లు రాశాను. ధర, వైఫై, ఎంత వేడెక్కుతుంది, ఎంత వోల్టేజీకి చచ్చిపోతుంది, అన్నీ గళ్లు గీసి నింపాను. ప్రతి బోర్డు గురించీ ఎక్కడో ఎవరో ఒకడు "నాది మూడు నెలలకు పోయింది" అని రాసి ఉండేవాడు. ఆ ఒక్కడి మాట మీద ఆ బోర్డును కొట్టేసేవాణ్ణి. పదకొండూ కొట్టేశాక కొత్త పేజీలో మళ్లీ అవే పదకొండు రాశాను. నేను బోర్డును ఎంచుకోవడం లేదని, శాలిబండ దగ్గర చేసేదే కుర్చీలో కూర్చుని చేస్తున్నానని అర్థమవుతూనే ఉంది. ఇక తెప్పించుకోవడానికి వ్యవధి లేదు. రెండో శనివారం, సెలవు. పత్తర్‌గట్టి వెనక గల్లీలో ఒక ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణానికి వెళ్లాను.

ఆ దుకాణం వివేక్‌ది. వాళ్ల తాత రేడియో సామాన్లు అమ్మేవాడట. ఇప్పుడు అవే చెక్క సొరుగుల్లో బోర్డులు, సెన్సర్లు ఉన్నాయి.

"ఏం గావాలె అన్నా?"

"మైక్రోకంట్రోలర్ బోర్డు. చౌకలో."

"ప్రాజెక్ట్ ఏంది?"

"హాబీ."

"హాబీలు మస్తుంటయ్. మొన్న బార్కస్‌కెల్లి ఒకాయన వచ్చిండు, పావురాల గూటికి దానంతటదే మూసుకునే తలుపు చేస్తడట. నీదేంది?"

"మొక్కలకు నీళ్లు" అన్నాను. అబద్ధం ఆలోచించకుండానే వచ్చింది.

వివేక్ బల్ల మీద మూడు బోర్డులు పరిచాడు. "ఇది ఆర్డునో. అసలుది కాదు, నకలు, చెప్పే అమ్ముత. వైఫై లేదు. ఇది ఈఎస్‌పీ, చిన్నది. వైఫై ఉన్నది, రెండొందల లోపల వస్తది, పిన్నులు మాత్రం నువ్వే సోల్డర్ కాల్చి అతికించుకోవాలె. ఇది దాని పెద్దన్న, రేటు డబుల్. మొక్కలకు గింత తాకత్ అక్కర్లేదు. దోమను కొట్టనీకి ఫిరంగెందుకు?"

చిన్నదాన్ని చేతిలోకి తీసుకున్నాను. ఏమీ బరువు లేదు.

"ఇది చెడిపోతే ఎట్ల తెలుస్తది?"

"పని చెయ్యది. గట్లనే తెలుస్తది."

"పని చేసుకుంటనే తప్పు చెప్తే?"

వివేక్ నా ముఖంలోకి చూశాడు. "మొక్కలకా?"

బోర్డును వెనక్కి తిప్పి చూశాను. అతను నవ్వి, "ఒకదాని మీద డౌటుంటే రెండు పెట్టు. కానీ రెండు పెడితే ఇంకో లొల్లి. ఒకటి ఔనంటది, ఒకటి కాదంటది. ఎవలను నమ్ముతవ్?" అన్నాడు.

అతను వేళాకోళానికి అన్నాడు. మూడు వారాలుగా నా నోటుపుస్తకంలో దొరకనిది నాకు ఆ మాటలో దొరికింది. మంచి బోర్డు ఒకటి కాదు, చౌకవి మూడు కావాలి. మూడింట్లో రెండు ఏది చెబితే అది నిజం.

"చిన్నయి మూడియ్యి."

"మొక్కలెన్ని?"

"మూడు."

"మూడు మొక్కలకు మూడు బోర్డులు" అన్నాడు వివేక్, తనలో తను. "పెద్ద తోటనే. టెస్ట్ చేసి ఇస్త. తర్వాత వాపస్ లేదు."

వైరు గుచ్చాడు. బోర్డు మీద నీలం దీపం మిణుకుమంది. మళ్లీ చూపించమన్నాను. చూపించాడు. ఇంకోసారి అన్నాను. మూడింటికీ అలాగే అడిగాను. వెనక నిలబడిన మనిషి "జల్దీ కరో భాయ్" అన్నాడు.

"పెండ్లిపిల్లను చూసినట్టు చూస్తున్నవ్ అన్నా. మంచి పిల్లలే, తీస్కపో" అని వివేక్ మూడింటినీ కవర్లో వేశాడు. కవరు ఇస్తూ అన్నాడు, "మూడూ ఒక్క వైఫై మీదనే గదా? అది పోతే మూడూ పోతయ్. నీకేం ఫికర్ లేదు తియ్, ఒక్కరోజు నీళ్లు లేకుంటే మొక్కలు చావయ్."

ఆ మాట ఉప్పుగూడ దాకా నాతో వచ్చింది.

ఆదివారం చర్చికి పోలేదు. బోర్డులను పొయ్యికి దూరంగా కిటికీ దగ్గర పెట్టి, నాబ్ చుట్టూ మూడు గాజు స్విచ్‌లు బిగించి, వైర్లు గోడ వెంట లాగాను. చేతులతో చేసే పని నాకెప్పుడూ కష్టం కాలేదు. చేసిన తర్వాతే అన్నీ మొదలవుతాయి. సాయంత్రానికి ఫోన్ తెర మీద మూడు ఆకుపచ్చ గీతలు వచ్చాయి. మూడింటి పక్కనా "మూసి ఉంది" అని ఉంది. నాబ్ తిప్పాను. మూడూ ఎర్రబడ్డాయి. మూశాను. మూడూ పచ్చబడ్డాయి. వరండాలోకి వెళ్లి కూర్చుని ఫోన్‌లో చూశాను. నాబ్‌ను తాకకుండా దాని సంగతి తెలుసుకోవడం అదే మొదటిసారి.

ఫొటో తీసి స్వరూపకు పంపాను. ఏం చేశానో నాలుగు వాక్యాలు రాశాను. నాలుగు నెలల్లో నేను పంపినవేవీ ఆమె తెరవలేదు. ఇది తెరిచింది. కాసేపటికి జవాబు వచ్చింది.

"మూడెందుకు?"

రాసి చెరిపాను. మళ్లీ రాసి చెరిపాను. ఆమె అడిగినదానికి జవాబు లేదని కాదు. రాసిన ప్రతి జవాబునూ చదివితే, ఆమె ఎందుకు వెళ్లిపోయిందో అందులో కనిపించింది. ఫోన్ పక్కన పెట్టేశాను.

సోమవారం శాలిబండ దగ్గర ఆటో నెమ్మదించింది. ఫోన్ తీశాను. మూడు పచ్చ గీతలు. డ్రైవరు అద్దంలో నన్ను చూసి, "ఇక్కడేనా సాబ్?" అన్నాడు. రోజూ అక్కడ దిగేవాణ్ణని అతనికి తెలుసు.

"కాదు. నయాపూల్."

చార్మినార్ దగ్గర గాజుల దుకాణాల షట్టర్లు ఇంకా లేవలేదు. పది పద్దెనిమిదికి సంతకం పెట్టాను. పురుషోత్తం గారు గోడ గడియారాన్నీ నన్నూ చూసి తల ఊపారు. ఒళ్లంతా తేలికైంది. తేలికవడం కూడా ఇంత భయంగా ఉంటుందని అప్పుడే తెలిసింది.

మా విభాగంలో నకలు తీశాక ఇద్దరం కూర్చుని సరిచూస్తాం. ఒకరు అసలు చదవాలి, రెండోవారు నకలులో వేలు పెట్టి వెంట రావాలి. ప్రతి పంక్తికీ రెండోవారు "ఊఁ" అనాలి. ఆ "ఊఁ" పడ్డాక పంక్తి ముగిసినట్టే, ఇక దాని జోలికి పోము. పద్దెనిమిదేళ్లలో నేను సరిచూసిన నకలు ఒక్కటీ తప్పని తిరిగి రాలేదు. నాతో కూర్చునేది స్రవ్య. ఉద్యోగంలో చేరి రెండేళ్లైంది. ఆ రోజు ఒక పాత ఇంటి హద్దుల దావా దస్తావేజు.

నాలుగో పేజీలో ఉండగా ఫోన్ తెర వెలిగింది. మూడో గీత బూడిద రంగులో ఉంది. ఎర్రగా కాదు. తెరిచి ఉందని కాదు, అది ఏమీ చెప్పడం లేదు, అంతే. మొదటి రెండూ పచ్చగానే ఉన్నాయి.

పిన్ను ఊడి ఉంటుంది. నేనే సోల్డర్ చేసిన పిన్ను. రెండు ఏది చెబితే అది నిజమని శనివారం నాకు నేనే రాసుకున్న చట్టం. ఆ చట్టం ప్రకారం నాబ్ మూసి ఉంది. కానీ నా కళ్లు ఆ రెండింటినీ చూడటం లేదు. మాట్లాడని మూడోదానికే ఏదో తెలుసనిపించింది.

మోకాళ్లు వాటంతటవే లేవబోయాయి. బల్ల అంచు పట్టుకున్నాను. ఇప్పుడు లేస్తే ఉద్యోగం పోతుంది. ఇంటికి వెళ్తే నాబ్ మూసే ఉంటుంది. దాన్ని తెరిచి మూస్తాను. ఫోన్ ఆఫ్ చేసి సొరుగులో పెట్టాను. అలా చేయగలనని నేననుకోలేదు. చెమట కళ్లలోకి కారుతోంది.

"చదువు అన్నా" అంది స్రవ్య. "హద్దుల కాడ ఉన్నం."

"తూర్పున మునిసిపల్ రోడ్డు" చదివాను.

"ఊఁ."

"పడమర నారాయణ గారి ఖాళీ జాగా."

"ఊఁ."

"ఉత్తరాన వాది ఇంటి గోడ."

"ఊఁ."

గోడ అని చదివానా? కాగితం మీద గోడ అనే ఉంది. నా నోరు ఏమందో నాకు తెలియలేదు.

"ఉత్తరాన వాది ఇంటి గోడ."

"అయిందన్నా అది. దక్షిణం చదువు."

దక్షిణం మీదికి చూపు పోయింది. పోయి, వెనక్కి వచ్చింది. "ఉత్తరాన వాది ఇంటి గోడ."

స్రవ్య నకలు మీద వేలు అలాగే ఉంచి తలెత్తింది. గొంతు తగ్గించింది. "తాగినవా?"

"లేదు."

"మరేమైంది? మొత్తం తడిసిపోయినవ్."

అప్పుడు చెప్పాను. ఎవరికీ చెప్పనిది, ఇరవయ్యారేళ్ల పిల్లకు చెప్పాను. గ్యాస్, శాలిబండ, మూడు బోర్డులు. రెండు నిమిషాల్లో అయిపోయింది. ఇన్నేళ్లది అంత చిన్నగా ఉందా అనిపించింది.

"గంతేనా?" అంది స్రవ్య. ముఖంలో నిజంగానే జాలి ఉంది. "గీ దానికి తాగుబోతునని పేరెందుకు మోసినవన్నా? పోయి చూసి రా. సార్ అడిగితే రికార్డు రూముకు పోయిండని చెప్త. రోజూ గట్లనే చేద్దం, నేనున్న గదా."

ఇంత మంచిగా నాతో ఎవరైనా మాట్లాడి చాలా కాలమైంది. కానీ రోజూ అన్న మాట భయపెట్టింది. ఆమెకు తెలియదు. స్వరూప కూడా మొదట్లో ఇలాగే అంది.

"పోను" అన్నాను. "చదువుదం."

"సరే చదువు."

"ఉత్తరాన" అన్నాను. ఆగిపోయాను. ఇప్పుడది గ్యాస్ కాదు. ఆ పంక్తే. నకలులో గోడ అని లేకుండా, నేను గోడ అని చదవకుండా, ఆమె ఊఁ అనేసి ఉంటే? ఎవరి ఇల్లో పోతుంది. దక్షిణం ఒక్క అంగుళం కింద ఉంది. అక్కడికి పోలేకపోతున్నాను.

పురుషోత్తం గారు మా బల్ల పక్కన ఆగారు. నన్ను చూశారు, తెరిచి ఉన్న దస్తావేజును చూశారు.

"టైముకొచ్చినవ్, సీట్ల ఉన్నవ్. నేనడిగింది గిదే ప్రేమ్‌రాజ్. రోజూ గిట్లనే ఉండాలె."

"సరే సార్."

ఆయన వెళ్లిపోయారు. బల్ల మీద ఇంకా ఏడు దస్తావేజులున్నాయి, సాయంత్రం లోపల ఇవ్వాల్సినవి. స్రవ్య వాటి వైపు ఒకసారి చూసి, వేలు మళ్లీ అదే పంక్తి మీద పెట్టింది.

నేను నోరు తెరవక ముందే "ఊఁ" అంది.

ఆ పంక్తి మళ్లీ చదివాను.