హిందూపురంలో బిడ్డ, ధర్మవరంలో చెవి

ఆ వారం సాక్షాత్తూ దేవుడే దిగివస్తున్నాడన్నా ధర్మవరం జనం అంత హడావుడి పడేవాళ్ళు కాదేమో. వస్తున్నది కొత్త ఫోను. పవన్ కుమార్ తన మొబైల్ షాపు ముందు షామియానా వేయించాడు, తప్పెట్లు తెప్పించాడు, షాపు కంటే పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. మైకు కట్టిన ఆటో మగ్గాల వీధుల్లో తిరుగుతూ, ఫోను కొంటే ఏడాది పొడుగునా ఎంత వాడినా అయిపోని డేటా ఫ్రీ, ఇంట్లో ఇంకొకరికి అదే డేటాతో సిమ్ కూడా ఫ్రీ అని చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది.

ఈ గోలకు మగ్గం నేస్తున్న ప్రమోదకు ఒళ్ళు మండింది. పక్క మగ్గంలో మొగుడు జగదీష్ దారం మోసే నాడె ఆపి మరీ ఆటో వైపు చెవి పెడుతున్నాడు.

"నువ్విట్ల వింటా కూర్చుంటే చీర ఎప్పుడు దిగుతాదప్పా?" అంది.

"ఊరంతా వింటాండాది, నేనొక్కణ్ణే విన్యానా?" అన్నాడు జగదీష్.

ఆమె దిగులు వేరే ఉంది. చెల్లెలు భాగ్యకు పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. హిందూపురంలో ఇచ్చారు. భాగ్య మొగుడు సురేంద్ర ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, మెత్తని మనిషి. మొన్న అతను డ్యూటీలో ఉన్నప్పుడు భాగ్య పెరట్లో బట్టలు ఉతుకుతోంది. ఇంట్లో పసిబిడ్డ నిద్రలేచి గుక్కపట్టి ఏడ్చాడు. పక్కింటామె విని పరుగెత్తుకొచ్చేసరికి వాడి గొంతు బొంగురుపోయింది. ఈ కబురు రొద్దంలో ఉన్న భాగ్య అత్త లక్ష్మీదేవమ్మకు తెలిసింది. వాడికి నడక వచ్చేదాకా నేనే పెంచుకుంటాను, శుక్రవారం వచ్చి తీసుకుపోతానని ఆమె తేల్చి చెప్పేసింది. ఆమె చెడ్డ మనిషి కాదు, బిడ్డ ఏమైపోతాడోనన్న భయం. అందుకే ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు.

"భాగ్య ఏమంటాంది?" అని ప్రమోద ఫోన్లో సురేంద్రను అడిగింది.

"పిల్లోణ్ణి కిందికి దించడంల్యా వదినా," అన్నాడు.

ఇన్నేళ్ళుగా ఫోను కంపెనీలు మాటలు ఫ్రీ, మాటలు ఫ్రీ అని పోటీలు పడ్డాయి. భాగ్యకు మాటలు ఫ్రీ అయితేనేం, కాకపోతేనేం? చిన్నప్పుడు నాయన మగ్గం పక్కన ఆడుకుంటూ అక్కచెల్లెళ్ళిద్దరూ చేతులతో ఒక భాష కల్పించుకున్నారు. నాడె విసిరినట్టు చేయి ఆడిస్తే నాయన. కండెకు దారం చుట్టినట్టు వేళ్ళు తిప్పితే అమ్మ. ఆ భాష పూర్తిగా తెలిసింది లోకంలో వాళ్ళిద్దరికే. సురేంద్ర అన్నం, నీళ్ళు, డ్యూటీ లాంటివి నాలుగు నేర్చుకున్నాడు. లక్ష్మీదేవమ్మకు అదీ లేదు, కోడలితో ఏం చెప్పాలన్నా గట్టిగా అరుస్తుంది.

ఫోను విడుదల రోజు జగదీష్ ప్రమోదను బలవంతాన వెంటబెట్టుకుపోయాడు. షామియానా కింద ఇసుక వేస్తే రాలనంత జనం. కెమెరాలో మొహాలు చూసుకుని మురిసిపోయేవాళ్ళు కొందరు, ఫోనుకున్న గాజును గోటితో గీకి చూసేవాళ్ళు కొందరు. పవన్ కుమార్ అందర్నీ నిశ్శబ్దంగా ఉండమని చేయెత్తాడు. ఒక ఫోనును వెనక గదిలో గోడ గడియారానికి కాస్త ఎడంగా పెట్టించి తలుపు వేయించాడు. ఇంకో ఫోను జనం ముందు ఎత్తి పట్టుకున్నాడు.

టిక్కు, టిక్కు అని వినపడింది.

అంతసేపు గోల చేసిన జనం నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయారు. ప్రమోద జనాన్ని తోసుకుంటూ ముందుకు పోయింది.

"అన్నా, ఈడ కూర్చుంటే హిందూపురంలో బిడ్డ ఏడ్చేది వినపడుతుందా?"

"బిడ్డ మూలిగినా వినపడుతుందమ్మా," అన్నాడు పవన్ కుమార్. "దూరంతో పనిల్యా."

"దినమంతా పెట్టుకున్యా డేటా అయిపోదా?"

"అయిపోదనే కదమ్మా ఇన్ని తప్పెట్లు కొట్టించేది."

ఆమె మొగుడి వైపు తిరిగింది. నెలనెలా కట్టే పద్ధతిలో సంతకాలు పెట్టి, కొత్త ఫోను పెట్టెను గుండెకు హత్తుకుని నిలబడ్డాడు జగదీష్. "అది భాగ్యకు ఇద్దామప్పా," అంది ప్రమోద. జగదీష్ మొహం చూడాలి అప్పుడు. కానీ మనిషి బంగారం. కాసేపు పెట్టె వైపు చూసి, "పెనుకొండ దాకా నా చేతిలో ఉండనీ," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే హిందూపురం బస్సెక్కారు. పెనుకొండలో బస్సు ఆగినప్పుడు జగదీష్ కిటికీలోంచి కొండను ఫోన్లో దగ్గరికి లాగి చూశాడు. కంటికి గీతలా ఉన్న కోటగోడ రాయి రాయిగా కనపడింది. ఆ కొండను పుట్టినప్పటి నుంచి చూస్తున్న మనిషి, మొదటిసారి చూసినట్టు అలాగే ఉండిపోయాడు. బస్సు కదిలాక ఫోను భార్య ఒడిలో పెట్టి, మళ్ళీ అడగలేదు.

భాగ్యకు ఫోను వాడకం నేర్పి, ఆ సాయంత్రమే ఇద్దరూ ధర్మవరం తిరిగొచ్చారు. మర్నాడు భాగ్యే ఫోను చేసింది. తెర మీద చెల్లెలి మొహం చూసి ప్రమోద సంబరపడింది కానీ, భాగ్య చెప్పేదొక్క ముక్కా అర్థం కాలేదు. ఒక చేత్తో ఫోను పట్టుకుంటే మిగిలింది ఒక్క చేయే, వాళ్ళ భాష రెండు చేతులది. "పెట్టెయ్, యాడైనా ఆనించి పెట్టెయ్," అని ప్రమోద సైగ చేసింది. భాగ్య ఫోనును బియ్యం డబ్బాకు ఆనించింది. అంతే, గట్టు తెగింది. రెండు చేతులూ ఆడుతుంటే ప్రమోద కళ్ళు ఆర్పకుండా చూసింది. బిడ్డను తీసుకుపోతే నేను బతకను అన్నాయి ఆ చేతులు.

"ఎట్ల తీసుకుపోతారో చూద్దాం," అని ప్రమోద చేతులు బదులిచ్చాయి.

ఇద్దరూ కలిసి ఉపాయం కుదుర్చుకున్నారు. హిందూపురంలో ఫోను పెరటి కిటికీలో ఉంటుంది. ఉయ్యాల దానికి దగ్గర, ఓరగా పెట్టిన తెర అటు పెరట్లోకీ ఇటు గదిలోకీ కనపడుతుంది. ధర్మవరంలో జగదీష్ పాత ఫోను కొత్త సిమ్ముతో ప్రమోద మగ్గానికి వేలాడుతుంది. బిడ్డ కదిలితే ప్రమోద తన ఫోను కెమెరాకు అడ్డంగా ఎర్ర జాకెట్ ముక్క పెడుతుంది. అక్కడ తెరంతా ఎర్రబడుతుంది, భాగ్య పరుగెత్తుతుంది. మొదట్లో మగ్గం చప్పుడుకు ఏమీ వినపడలేదు. అప్పుడు ఒక చెవికి ఇయర్‌ఫోను తగిలించుకుంది. ఆ చెవిలో బిడ్డ ఊపిరి, ఈ చెవిలో మగ్గం. అంత దూరాన నిద్రపోయే పసివాడి ఊపిరి తన చెవిలో ఆడుతుంటే నాడె విసిరే చేయి ఒకటి రెండుసార్లు ఆగిపోయింది. ఇదేం మాయరా దేవుడా అనుకుంది.

శుక్రవారం లక్ష్మీదేవమ్మ ఖాళీ సంచీతో వచ్చింది. భాగ్య పెరట్లో గిన్నెలు తోముతోంది. బిడ్డ ఉయ్యాలలో నిద్రపోతున్నాడు. వాడు చిన్నగా ముక్కాడు. లక్ష్మీదేవమ్మ లేవబోయేలోగా తడిచేతులతో భాగ్య వచ్చి వాణ్ణి ఎత్తుకుంది.

లక్ష్మీదేవమ్మకు నమ్మకం కుదరలేదు. ఏదో పనిమీద లోపలికి వచ్చినట్టుందిలే అనుకుంది. బిడ్డ మళ్ళీ పడుకున్నాక, భాగ్య పెరట్లోకి పోయేదాకా కాచుకుని, వాడి నోట్లోంచి బొటనవేలు లాగేసింది. వాడు కెవ్వుమన్నాడు. భాగ్య మళ్ళీ వచ్చేసింది. ఈసారి లక్ష్మీదేవమ్మ కిటికీ వైపు చూసింది. ఎర్రటి తెరలోంచి గుడ్డ తొలగి, ప్రమోద మొహం బయటపడింది.

"నువ్వా?"

"నేనే అత్తా. ధర్మవరంలో ఉండా."

"ఆడి నుంచి నీకు వినపడ్యా?"

"నువ్వు యేలు లాగింది కూడా కనపడ్యా అత్తా."

లక్ష్మీదేవమ్మ కిటికీ దగ్గరికొచ్చి తెరను తాకింది. ఆనక చేయి వెనక్కి తీసుకుంది. "పని మానుకోని ఎన్నాళ్ళు కాచుకోనుంటావు తల్లీ?" అంది మెల్లగా.

"మానుకోల్యా. నేస్తానే వింటాండా. వాడికి నడక వచ్చేదాకా వింటా."

భాగ్యకు వీళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో తెలియదు. బిడ్డను రెండు చేతులతో అదుముకుని, నేలమీది సంచీ వైపూ అత్త మొహం వైపూ మార్చి మార్చి చూస్తోంది. బిడ్డను దించితే తప్ప చేతులతో అక్కను అడగడానికి వీల్లేదు, దించదు. ప్రమోద చెల్లెలికి ధైర్యం చెబుదామని చేతులెత్తింది.

"ఆగమ్మా," అంది లక్ష్మీదేవమ్మ. "నువ్వు చెప్పొద్దు. బిడ్డ నీ దగ్గరే ఉంటాడని చేతుల్తో ఎట్ల చెప్పాలో నాకు చూపించు. నా కోడలికి నేనే చెప్తా."

ప్రమోద నెమ్మదిగా చేసి చూపించింది. రెండు చేతులతో ఉయ్యాల ఊపినట్టు చేసి, ఎదుటి మనిషి వైపు చూపి, ఆ రెండు చేతులూ రొమ్ముకు గట్టిగా ఆనించుకోవాలి. లక్ష్మీదేవమ్మ కోడలి ఎదుట నిలబడి, తడబడుతూ, వరస మర్చిపోయి మళ్ళీ మొదలుపెట్టి, చివరిదాకా చేసింది.

భాగ్య కదలకుండా నిలబడింది. కళ్ళ నీళ్ళు బిడ్డ తలమీద పడుతున్నాయి. తర్వాత ఒక చేయి విడిపించుకుని అత్తకు సైగ చేసింది.

"ఏమంటాంది?" అంది లక్ష్మీదేవమ్మ కిటికీ వైపు తిరిగి.

"ఇంకోసారి చెప్పమంటాంది అత్తా."

లక్ష్మీదేవమ్మ ఇంకోసారి చెప్పింది.