చలికి బిగిసిన హమ్మింగ్ పిట్ట

ఏరు పొంగి వంతెనను ఎత్తుకుపోయిన ఏడు అది. వానలు వెలిశాక కాస్తులో అనేవాడు పెళ్లాన్ని వదిలి, పై ఊళ్లో వేరే ఆవిడ ఇంట్లో మకాం పెట్టాడు. అతని భార్య బ్రిహిదా తమ పాత ఇంట్లోనే ఒంటరిగా ఉండి, రోజూ ఇద్దరికి సరిపడా మొక్కజొన్న రొట్టెలు కాల్చేది. ఆ రెండో వాటా ఎండిపోవడం ఆమె తండ్రి ఎలుతేరియో చూస్తూనే ఉన్నాడు.

ఎలుతేరియో అక్క పెత్రోనా మేనకోడలికి ఉపాయం చెప్పింది.

"హమ్మింగ్ పిట్టను ఎర్ర దారంతో చుట్టి రొమ్ము దగ్గర పెట్టుకోవే. కాళ్లీడ్చుకుంటూ వస్తాడు. చంపింది పనికిరాదు. దానంతటది చచ్చిందై ఉండాలి."

ఎలుతేరియో తొమ్మిది రోజులు కాఫీ తోటలో వెతికాడు. పదోనాడు తెల్లవారుజామున, మంచులో, ఓ కొమ్మ మీద దొరికింది. ముక్కు పైకెత్తి, కళ్లు మూసుకుని, ఏటి గులకరాయంత చల్లగా ఉంది. బొటనవేలు ఆనించి చూశాడు. గుండె ఆడటం లేదు. టోపీలో పెట్టుకుని కూతురింటికి తెచ్చాడు.

బ్రిహిదా పొయ్యి దగ్గర అత్త పక్కన కూర్చుని దారం చుట్టసాగింది. మూడు చుట్లు పడ్డాక చెయ్యి ఆగింది.

"అత్తా, ఇది వణుకుతోంది."

"పొయ్యి సెగకి అలా అనిపిస్తుంది."

"లేదు. కళ్లు తెరిచింది."

రాత్రి చలికి తాళలేక ఆ పిట్ట గుండె చప్పుడును కూడా పొదుపు చేసుకుందన్నమాట. అన్నేళ్లూ ఆ చెట్ల మధ్యే తిరిగినా ఎలుతేరియోకి ఈ సంగతి తెలియదు.

"దారం బిగించు, అదే పోతుంది," అంది పెత్రోనా. "పాపం దారానిది. మీ మామయ్యను నేనిలాగే కట్టుకున్నాను."

"అందుకే కాబోలు ఆయనకెప్పుడూ ఊపిరాడేది కాదు."

పెత్రోనా మూతి ముడిచింది. బ్రిహిదా తండ్రి వంక చూసింది. ఎలుతేరియో కాఫీకి కాచిన బెల్లం నీళ్ల గిన్నె ఆమె వైపు జరిపాడు.

ఆమె చాలాసేపు పిట్టనే చూసింది. తర్వాత దారం పంటితో కొరికి విప్పింది. వేలు నీళ్లలో ముంచి దాని ముక్కు దగ్గర పెట్టింది. పిట్ట తాగింది. రెక్కలు కనబడనంత జోరుగా ఆడించి, అరచేతిలోంచి లేచి, ఆమె ముఖం చూస్తూనే వెనక్కి వెనక్కి ఎగిరి గుమ్మం దాటింది.

"ఇక రాడులే అత్తా."

కాసేపటికి మళ్లీ అంది: "ఈ ఇంట్లో చలి ఎక్కువ నాన్నా."

"ఊఁ," అన్నాడు ఎలుతేరియో.

మర్నాడు పొద్దున్నే అతను మళ్లీ వచ్చి, కూతురి పెళ్లినాడు తానే మోసుకొచ్చిన మొక్కజొన్న నూరుడు రాయిని వీపుకెత్తుకుని, దాని మోత పట్టీ నుదుటికి తగిలించుకుని, బ్రిహిదాను వెంటబెట్టుకుని తన ఇంటి దారి పట్టాడు. నడుమ రెండు చోట్ల దింపి ఊపిరి తీసుకున్నాడు.