మణికట్టు మీది రాగితీగ

కదిరమ్మ మణికట్టు మీది రాగితీగను ఫ్యాక్టరీ గేటు దగ్గర కటింగ్ ప్లేయరుతో కత్తిరించారు. నేను చూశాను. షిఫ్టు దిగినవాళ్లు, షిఫ్టు ఎక్కేవాళ్లు అందరూ చూశారు. మేనేజర్ యతీశ్ ఆ జానెడు తీగను తెల్లకాగితంలో చుట్టి, కంపెనీ సొత్తు దొంగిలించిందని పోలీసుల చేతికిచ్చాడు. ఒకరి సొమ్ము గడ్డిపోచంత ముట్టని మనిషిని జీపెక్కించారు. మేం నోళ్లు తెరుచుకుని నిలబడ్డాం. అలా నిలబడినందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటున్నాను.

ఆ తీగ ఆమె చేతికి ఎలా వచ్చిందో చెబుతాను. పనిచేసేవాళ్లు, పని నేర్చుకునేవాళ్లు ఇద్దరూ వినాలి. రేపు మీ చేతులకూ ఇదే గతి పట్టొచ్చు.

హోసూరులో మాది ఎలక్ట్రిక్ స్కూటర్లకు మోటార్లు చేసే ఫ్యాక్టరీ. నేను ప్యాకింగులో పనిచేస్తాను. మోటారు లోపల రాగితీగ చుట్టే మిషన్లన్నీ చైనావి. వాటిని బిగించిందీ నడిపిందీ చైనా ఇంజినీర్లే. తుడవడానికి తప్ప మమ్మల్ని వాటి దగ్గరికి పోనిచ్చేవాళ్లు కాదు. రెండు ప్రభుత్వాల మధ్య ఏం చెడిందో, ఒకరోజు ఆ ఇంజినీర్లను వాళ్ల దేశం వెనక్కు పిలిచింది. పెట్టెలు సర్దుకుని పోయారు. చైనా భాషలో అచ్చువేసిన పుస్తకాలు మాత్రం మిగిలాయి. అదే నెలలో చైనా సరుకు మీద అమెరికా సుంకం పెంచింది. చైనాకు పోవాల్సిన ఆర్డర్లు మా కంపెనీకి వచ్చిపడ్డాయి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, మిషన్లు మొండికేశాయి. తీగ పెట్టడం, తెగడం, మిషన్ ఆగి కూత పెట్టడం. వారమంతా ఇదే తంతు.

అప్పుడు కదిరమ్మ చీపురు గోడకు ఆనించి వచ్చింది. డెంకణికోట పక్క పల్లెలో ఇరవై ఏళ్లు ఉడుకునీళ్లలో వేసిన పట్టుగూళ్ల నుంచి పోగు తీసిన చేతులు ఆమెవి. ఏనుగులు మల్బరీ తోటను తొక్కేశాక మా దగ్గర ఊడ్చే పనికి చేరింది. తీగను రెండు వేళ్ల మధ్య జారనిచ్చి కళ్లు మూసుకుంది.

"బిర్రు ఎక్కువైంది సార్. తీగ ఏడుస్తా ఉండాది, మీకు తెలీలేదా" అంది.

మీట రెండు గీతలు వెనక్కు తిప్పింది. సాయంత్రం దాకా మిషన్ ఆగలేదు.

ఆరోజు యతీశ్ ఆమెను మొదటిసారి "అమ్మా" అన్నాడు. గురుబరపల్లి వైపు నుంచి కాంట్రాక్టరు అరవైమంది ఆడపిల్లలను ఆరునెలల పనికి తెచ్చాడు. వాళ్లకు పని నేర్పితే కదిరమ్మనూ, ఆమెతో ఊడ్చే పన్నెండుమందినీ పర్మినెంటు చేస్తానని యతీశ్ మాటిచ్చాడు. కాగితం రాయించుకోమని నేను మొత్తుకున్నాను.

"నేర్పేదానికి కాగితమెందుకు సుగంధీ? మా అమ్మ నాకు కాగితం అడిగి నేర్పిందా?"

అదే ఆమె చేసిన తప్పు.

వాళ్ల పట్టు కొట్టాల్లో ఒక వాడుక ఉంది. నేర్చుకునే పిల్ల తెగకుండా తీసిన మొదటి పోగును నేర్పినామె మణికట్టుకు కడుతుంది. అది దానంతట అదే ఊడాలి తప్ప ఎవరూ తీయకూడదు. ఆ అరవైమందిలో అందరికంటే ముందు పని పట్టుకున్న పిల్ల భూమిక. తన మొదటి చుట్ట దించిన రోజు, చెత్తడబ్బాలో పడాల్సిన తీగముక్కను కదిరమ్మ చేతికి కట్టింది. యతీశ్ పక్కనే నిలబడి, పళ్లన్నీ బయటపెట్టి ఫోటో దిగాడు. ఆ ఫోటో క్యాంటీన్ గోడకెక్కింది.

నాలుగు నెలల్లో అరవైమందీ నేర్చుకున్నారు. మర్నాడే కదిరమ్మ అడగని కాగితం వచ్చింది. వయసు మీరింది, రావద్దని. పన్నెండుమందికీ అదే కాగితం. "మాట ఇచ్చినావు కదా సార్" అంటూ ఆమె ఆఫీసు గడప మీద కూర్చుంది. ఎంత గదిమినా లేవలేదు. అప్పుడు గానీ యతీశ్ కంటికి ఆ తీగ దొంగసొత్తులా కనబడలేదు.

జీపు వెళ్లిపోయాక క్యాంటీన్‌లో గొడవ పడ్డాం.

"మాది ఆరు నెలల పనే అక్కా. నిలబడితే మమ్మల్ని కూడా తీసేస్తారు" అంది ఒక పిల్ల.

"రేపు నిన్ను కూడా ఇంకొకరికి నేర్పమంటాడు. అప్పుడు నిన్ను యాడికి పంపుతాడో చూసుకో" అన్నాను.

భూమిక గోడ మీది ఫోటో ఊడదీసింది. "కట్టింది నేను. అది దొంగతనమైతే దొంగను నేనే" అంది.

పొద్దున అరవైమందీ వచ్చారు. పాత మోటార్ల అంగట్లో అడిగి తెచ్చుకున్న రాగితీగ ప్రతి మణికట్టు మీదా ఉంది. ఊడ్చే పన్నెండుమంది, ప్యాకింగువాళ్లం కూడా కట్టుకున్నాం. గేటు ముందు చేతులు చాచి వరుసగా నిలబడ్డాం. ఎస్సై వచ్చి ఇదేమిటన్నాడు.

"దొంగలం సార్. జీపు తెప్పించండి. ఒకటి చాలదు" అంది భూమిక. ఫోటో ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఫోటోలోని యతీశ్‌నూ, ఎదుట ఉన్న యతీశ్‌నూ మార్చిమార్చి చూశాడు.

యతీశ్ గొంతు తగ్గించాడు. "లారీలు జూజువాడి చెక్‌పోస్టు కాడ సరుకు కోసం కాసుకోని ఉండాయి. ఈ పొద్దు సరుకు పోకుంటే ఆర్డరు ఇంకో దేశానికి పోతాది. లోపలికి రండమ్మా."

"నేర్పినామె దొంగంటివి. దొంగ నేర్పిన పని నీకెందుకప్పా?" అంది భూమిక.

చేసేది లేక తానే లోపలికిపోయి మిషన్ ఎక్కాడు. తీగ తెగింది. మిషన్ కూత రోడ్డు దాకా వినిపించింది. మళ్లీ తెగింది. ప్రతి కూతకూ మా కడుపుమంట కొంచెం చల్లారింది. అవును, అది పగే. దాచుకోను.

నేను స్టేషనుకు పోయాను. పిల్లలు పనిలోకి దిగితే కంపెనీ కేసు వాపసు తీసుకుంటుందని అక్కడి పోలీసు చెప్పాడు. కదిరమ్మ వాడివైపు చూడను కూడా లేదు.

"పిల్లోళ్లు లోపలికి పోయినారా?"

"పోలేదక్కా. యతీశే మిషన్ ఎక్కినాడు."

"ఎన్నిసార్లు తెగింది?"

"నేను వచ్చేలోపల ఏడుసార్లు."

ఆమె నవ్వింది. తర్వాత బోడి మణికట్టును రుద్దుకుంది.

"కేసు వాపసు చాలదని చెప్పు. అందరూ చూస్తా ఉండంగా కోసినాడు. అందరూ చూస్తా ఉండంగా, అదే గేటు కాడ, వాడి చేత్తోనే కట్టాల. ఆ పన్నెండుమంది పేర్లు, పిల్లోళ్ల పేర్లు పర్మినెంటని రాసిచ్చినాంకనే కట్టాల. ఈసారి కాగితం అడుగుతా ఉండాను."

గేటుకు తిరిగొచ్చి ఆ మాట చెప్పాను. లోపల మిషన్ మళ్లీ కూత పెట్టింది. ఒక్కరూ లోపలికి అడుగు పెట్టలేదు.