గుండు ఎగిరిన చోటు

మూడు కాళ్ళ స్టాండు కింద ఇద్దరు కుర్రాళ్ళు తాడు లాగి వదిలారు. ఇనప గుండు ధన్‌మని పడింది. దాని కింది కడ్డీ మెత్తగా మట్టిలోకి దిగిపోయింది. పైరోడ్డు గట్టు మీద బారులు తీరి కూర్చున్న పేట జనం ఈలలు వేశారు.

శనివారం, పైగా వానలు వెళ్ళాక కాసిన మంచి ఎండ. కొండల మీది ఊరు ఐజాల్లో ఇంతకంటే వినోదం ఏముంటుంది? రోజూ పేట మైకులో చావు కబుర్లూ నీళ్ళబండి కబుర్లూ చెప్పే సాంగ్‌కుంగా ఏకంగా ఆ మైకే పట్టుకొచ్చి కూర్చున్నాడు.

"మూడంటే మూడు దెబ్బలు! కడ్డీ అడుగు లోతు లోపల! మన జైరెమి స్థలం వెన్నముద్దండీ, వెన్నముద్ద!"

కింద నిలబడ్డ జైరెమికి ఏడుపొక్కటే తక్కువ. "నోరు ముయ్ అన్నా! సులువుగా దిగితే ఓడిపోయినట్టు!" అని అరిచింది. మైకు ముందు ఆమె గొంతు ఎవరికి వినిపిస్తుంది? మళ్ళీ ఈలలు.

దెబ్బలు ఎన్ని ఎక్కువ పడితే నేల అంత గట్టిదని మట్టి పరీక్షకు వచ్చిన ఇంజనీరు హ్రాంగ్‌జువాలా పొద్దున్నే ఆమెకు చెప్పాడు. ఆ వాలు మీద ఇల్లు నిలుస్తుందా లేదా అన్నది ఆ దెబ్బలే తేల్చాలి.

పెద్దల ఇల్లు చిన్నకొడుక్కి చెందడం అక్కడి ఆచారం. జైరెమి మొగుడు థన్సేయా పెద్దకొడుకు. వచ్చే క్రిస్మస్‌కి మరిది పెళ్ళి. ఆలోగా వీళ్ళు బయటపడాలి. అత్త దార్కుంగి తన ఇంటి కిందనున్న వాలు వీళ్ళకిచ్చింది. అక్కడ సీమవంకాయ తీగ విరగకాస్తుంది. నేల అంత మంచిదని మురిసిపోయి జైరెమి ఆ తీగ నరికించి మరీ ఇంటికి ముగ్గు పోయించుకుంది. పోయిన వానల్లో ఎదుటి కొండమీద ఒక వంటిల్లు పొయ్యితో సహా జారిపోవడం ఆమె కళ్ళారా చూసింది కనకనే ఈ పరీక్ష పెట్టించింది. ఆ మాటకొస్తే పైనున్న అత్త ఇల్లు మాత్రం? వాన పట్టుకుందంటే ముసలామె గోడ పగుళ్ళలో గుడ్డలు కుక్కి, లేచి పరుగెత్తడానికి వీలుగా చెప్పులు వేసుకునే పడుకుంటుంది.

రెండో గుంటలోనూ కడ్డీ అలాగే దిగిపోయింది.

"ఇక్కడొద్దక్కా," అన్నాడు ఇంజనీరు. "రేపు ఆదివారం, ఎవరూ పని ముట్టుకోరు. ఎల్లుండి ఈ సరంజామా వేరే ఊరు పోవాలి. ఇంకో చోటుంటే ఇప్పుడే చూపించు."

థన్సేయా జనం ముందు నోరు విప్పే మనిషి కాదు. పెళ్ళాం మొహం చూశాడు. జైరెమి వాలంతా కలయజూసింది. తీగ బాగా పాకిన చోటల్లా మెత్తనే అయితే, తీగ బతకని చోటు ఏది? పక్కనే ఉంది, పందిదొడ్డి ఉన్న మిట్ట. కొత్తకోడలుగా వచ్చినప్పుడు అక్కడ మొక్క పెట్టబోతే గుద్దలి మొన వంగిపోయింది. పెళ్ళయిన వారానికే గుద్దలి పాడుచేసిందని అత్త ఆ ఏడాదంతా సాధించింది.

"అదుగో, అక్కడ వెయ్యి తమ్ముడూ!"

"నా పందిదొడ్డి దగ్గరా?" పైనుంచి దార్కుంగి గయ్యిమంది. "పంది పొర్లే చోట మంచం వేస్తావుటే?"

"పందికి పనికొచ్చింది నాకు పనికిరాదా అత్తయ్యా?"

గట్టు మీద నవ్వులే నవ్వులు. కుర్రాళ్ళు స్టాండు మోసుకెళ్ళి దొడ్డి పక్కన నిలబెట్టారు. గుండు లేచింది. ఠంగ్! గుండు ఎగిరిపడింది. కడ్డీ వేలెడు కూడా దిగలేదు. మళ్ళీ కొట్టారు. మళ్ళీ ఠంగ్!

గట్టు మీద అందరూ ఉసూరుమన్నారు. సాంగ్‌కుంగా చావుకబురు చెప్పే గొంతు పెట్టాడు. "ఎంతో విచారంతో తెలియజేయునదేమనగా... కడ్డీ ఇరుక్కుపోయింది."

జైరెమి గట్టెక్కి మైకు లాక్కుంది. "గెలిచాం! దిగకపోతేనే గెలిచినట్టు, మొద్దుల్లారా!"

ఇక చూడాలి! డబ్బాలు వాయించినవాళ్ళు కొందరు, టోపీలు ఎగరేసినవాళ్ళు కొందరు.

"ఆగండాగండి," అన్నాడు ఇంజనీరు. "ఒంటరి బండ అడ్డం పడ్డా గుండు ఇలాగే ఎగురుతుంది. దొడ్డి లోపల కూడా ఒకటి వేస్తేగానీ చెప్పలేను."

అందరి తలలూ దార్కుంగి వైపు తిరిగాయి. దొడ్డిలో ఉన్నది మరిది పెళ్ళికోసం మేపుతున్న పంది. ముసలామె వక్క నములుతూ మెట్లు దిగి వచ్చింది. కోడల్ని ఎగాదిగా చూసింది. దొడ్డి తలుపు గడియ తీసింది.

పంది ఒక్క ఉరుకున బయటపడి, నరికి కుప్పవేసిన సీమవంకాయ తీగలో దూరింది. పేట కుర్రాళ్ళు సగంమంది దాని వెంటపడ్డారు. మిగతావాళ్ళు దొడ్డి పలకలు ఊడదీసి స్టాండు నిలిపారు. ఠంగ్! పేటంతా గొంతు కలిపి లెక్కపెట్టింది. ఠంగ్! ఠంగ్! జైరెమి మొగుడి చెయ్యి పట్టుకుని చిన్నపిల్లలా గెంతుతోంది. లెక్క యాభై దాటింది. కడ్డీ ఉన్నచోటే ఉంది.

ఇంజనీరు చెమట తుడుచుకుని నవ్వాడు. "ఇది బండ కాదక్కా, కొండే. కట్టుకో."

జైరెమి ఏడ్చేసింది. ఆ గోలలో దార్కుంగి ఒక్కతే కదలకుండా నిలబడి కడ్డీ వంక చూస్తోంది.

"అయితే ఇన్నేళ్ళూ ఈ కొండమీద నిశ్చింతగా పడుకున్నవి నా పందులేనన్నమాట," అంది.

అందరూ పగలబడి నవ్వారు. ఆమె నవ్వలేదు. కోడలి దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. "చిన్నోడి దగ్గరే ఉండాలి నేను, తెలుసు. వానాకాలం మటుకైనా... నాకూ ఓ గది వెయ్యవే."

జైరెమి కళ్ళు తుడుచుకుంది. ముగ్గుపిండి డబ్బా చేతిలోకి తీసుకుని, "ఏ వైపు వెయ్యను అత్తయ్యా?" అంది.

దార్కుంగి దొడ్డంతా ఒకసారి తిరిగి చూసింది. ఒక మూల ఆగి, కాళ్ళకున్న చెప్పులు విడిచి పక్కపక్కన పెట్టింది.

"ఇక్కడ," అంది, రాతిమీద ఉత్తికాళ్ళతో నిలబడి.