లంగరు ఉద్యోగంలో ఒక తిరగలి

నేను ఒక తిరగలిని. నిజం చెప్పాలంటే తిరగలిలో సగాన్ని, పైరాయిని. కిందిరాయి కదలదు, పైరాయి తిరుగుతుంది, మధ్యలో పడ్డ గింజ నలుగుతుంది. మా కాపురం అంతే. మా పేరులో ఒక్క దీర్ఘం చేరిస్తే ‘తిరగాలి’ అవుతుంది. ఆ దీర్ఘం మీద ఆశ పెట్టుకుని చాలాకాలం బతికాను. తిరగడానికైతే రోజూ తిరిగాను, ఉన్నచోటే.

టెక్కలి దగ్గర ఒక కొండలో పుట్టాను. నన్ను చెక్కినాయన ఉలితో అక్కడక్కడా తప్పు కొట్టి, వాటిని పువ్వులని చెప్పి అమ్మాడు. కొన్నది సన్యాసమ్మ. అప్పటికి ఆమె కొత్త పెళ్లికూతురు. మొగుడు నూకయ్య అండమాన్‌కు పోయి పోర్ట్ బ్లెయిర్‌లో టిఫిన్ సెంటరు పెడతానంటే, విశాఖపట్నంలో ఓడెక్కేటప్పుడు బట్టల మూట కన్నా ముందు మా రెండు రాళ్లనూ గోనెసంచిలో కట్టి ఎక్కించింది. అది నా మొదటి సముద్రయానం. ఓడ అడుగున ఉల్లిపాయల బస్తాల మధ్య జరిగింది కాబట్టి సముద్రమంటే ఉల్లిపాయల వాసన వేస్తుందని చాలా ఏళ్లు అనుకున్నాను.

టిఫిన్ సెంటరుకు మంచి పేరొచ్చింది. అది నా వల్లేనని నాకు గట్టి నమ్మకం. నేను పగలగొట్టిన మినప్పప్పు కాకపోతే ఆ ఇడ్లీ ఎవరు తింటారనుకునేదాన్ని. తరవాత పప్పు పొట్లాల్లో రావడం మొదలైంది, రుబ్బడానికి కరెంటు గ్రైండరు వచ్చింది. ఇడ్లీ రుచి రవ్వంత కూడా తగ్గలేదు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. నన్ను కుళాయి పక్కకు చేర్చి, మీద బకెట్టు పెట్టారు.

ఆ దంపతులు ఏళ్ల తరబడి దీవులు చూడబోయే యాత్రికులకు పొట్లాలు కట్టి పంపారు. చూసొచ్చినవాళ్లు నీళ్ల రంగుల్ని వర్ణిస్తూ చట్నీ ఇంకాస్త వేయమనేవాళ్లు. వీళ్లు చట్నీ వేశారు గాని దీవులు చూడలేదు. మోకాళ్లు మొరాయించి కొట్టు మూసేశాక, ఇప్పుడైనా చూద్దామన్నాడు నూకయ్య. అక్కడి గదుల అద్దెలు విని, మర్నాడు ఎవరిదో పాత తెరచాప పడవ కొనుక్కొచ్చాడు. చిన్నప్పుడు భావనపాడులో తండ్రితో చేపల వేటకెళ్లినవాడు కాబట్టి పడవ నడపడం వచ్చు. బియ్యం, పప్పు, చింతపండు, ఒక కిరసనాయిలు స్టవ్వు పెట్టుకుంటే పడుకోవడానికి, తినడానికి పడవే ఇల్లని అతని లెక్క.

చాప చిరిగి ఉంటే టిఫిన్ సెంటరు ఫ్లెక్సీ కోసి అతుకు వేశాడు. ఇక లంగరు ఒకటే తక్కువ. ఇనప లంగరు ధర కనుక్కుని ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుంటుంటే అతని చూపు నా మీద పడింది. బరువుంది, నడిమధ్య తాడు దూరేంత చిల్లుంది. ఇంటర్వ్యూ అంతటితో అయిపోయింది, కిందిరాయి కుళాయి పక్కనే ఉండిపోయింది. నేనేమో నా అనుభవం చూసి తీసుకున్నాడనుకున్నాను.

సన్యాసమ్మ రెండు మాటలు చెప్పింది. “తిరగలి పిడి తీసినావంటే ఊరుకోను. ఇంకోటి, పడవ దేనికైనా గుద్దుకుందా, ఆ పూటే ఇంటికెల్లిపోవాల, మర్నాడు పడవ అమ్మీయాల.”

నూకయ్య సరేనన్నాడు. అంటే ఆ యాత్ర సాగడం, ఆగడం నా చేతిలో పెట్టాడన్నమాట. నాకు చేతులు లేవన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

కొన్ని ఊళ్లలో నన్ను విసుర్రాయి అంటారు. పిండి విసిరే రాయని వాళ్ల ఉద్దేశం. ఇప్పుడు సాయంత్రమయ్యేసరికి నన్నే నీళ్లలోకి విసరడం మొదలైంది. అసలైన లంగరుకు కొక్కేలుంటాయి, నేలను పట్టుకుంటుంది. నేను అరిగి నున్నగా తయారైనదాన్ని. ఇసక మీద పడ్డానంటే జారడమే. ఇన్నేళ్లూ కదలని కిందిరాయిని లోలోపల ఎగతాళి చేశాను. ఇప్పుడు కదలకుండా ఉండటమే నా ఉద్యోగం, అది నాకు చేతకాదు. తాడు బిగిసి ఉన్నంతసేపు పైన మాటలు నాకు వినపడతాయి కాబట్టి నా పనితనం మీద అభిప్రాయాలు కూడా రోజూ వినేదాన్ని.

“రేత్రి ఆ వంగిన కొబ్బరిచెట్టు మనకెదురుగుండా ఉంది గదా?” అంది సన్యాసమ్మ ఒక ఉదయం.

“దీవి గదే. నీళ్లల్లో ఉంటాది, కొంచెం కదుల్తాది,” అన్నాడు నూకయ్య.

“అలాగేటి,” అని ఆమె స్టవ్వు వెలిగించింది. నేను సిగ్గుతో ఇసకలో కూరుకుపోదామని చూశాను. అది కూడా కుదరలేదు.

ఆ తరవాత ప్రతి దీవీ కదిలింది. ఒకచోట తీరంలో ఉన్న యాత్రికులు మా తెరచాప మీద ‘వేడి వేడి పూరీ, ఇడ్లీ’ చదివి ఈదుకుంటూ వచ్చి రెండు ప్లేట్లు ఇమ్మన్నారు. “కొట్టు మూసీసినాం బాబూ,” అంది సన్యాసమ్మ, కాళ్లు నీళ్లలో వేలాడేసుకుని. ఆమె అలా ఏ పనీ లేకుండా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆకుపచ్చ నీళ్లలో తాబేలు పోతుంటే ఆమె పిలుస్తుంది, నూకయ్య వచ్చేలోపు అది పోతుంది, ఇద్దరూ నవ్వుకుంటారు. నాకు చాలా సంతోషంగా ఉండేది. భయంగానూ ఉండేది. నేను కాస్త గట్టిగా జారానంటే ఇదంతా ఆ పూటతో సరి.

ఆ పూట రానే వచ్చింది. ఒక చిన్న దీవి పక్కన ఆగబోతుంటే మధ్యాహ్నం ఎండలోనే గాలి తిరగబడింది. చాప దించే తాడు చిక్కుపడింది. పడవ సూటిగా పగడపు రాళ్ల మీదికి పోతోంది. నూకయ్య చుక్కాని వదల్లేడు. “తిరగలి ఇసురే,” అని కేకేశాడు.

సన్యాసమ్మ నా దగ్గరికి పరుగున వచ్చి, చతికిలబడి, ఒక కాలు చాపి, ఇంకో కాలు మడిచి, పిడి పట్టుకుని నన్ను గిరగిరా తిప్పడం మొదలుపెట్టింది. భయంలో ఆమె చేతులకు ఆ మాటకున్న పాత అర్థమే గుర్తొచ్చింది. నేనూ తక్కువ తినలేదు. ఎన్నాళ్లకో పాత పని దొరికిందని ఒళ్లు మరిచి తిరిగాను. పడవ మునిగిపోతున్నా పిండి పడేలాగే ఉంది మా వరస.

“అలాక్కాదే, నీళ్లల్లోకి,” అన్నాడు నూకయ్య ఏడుపు గొంతుతో.

ఆమె ఉలిక్కిపడి నన్నెత్తి నీళ్లలోకి విసిరింది. నేను ఇసక మీద పడ్డాను, అలవాటు ప్రకారం జారాను. జారుతూ జారుతూ రెండు పగడపు రాళ్ల సందులో ఇరుక్కున్నాను. తాడు బిగిసింది. పడవ రాళ్లకు మూరెడు దూరంలో ఆగింది. ఇందులో నా ప్రతాపం ఏమీ లేదు, దారిలో సందు అడ్డొచ్చింది.

మర్నాటికి గాలి తగ్గింది. నూకయ్య ఎంత లాగినా నేను రాలేదు. మునిగి చూసి, రొప్పుతూ పైకెక్కాడు.

“దేనికీ గుద్దుకోలేదు గదే,” అన్నాడు, భయంభయంగా.

సన్యాసమ్మ నవ్వింది. “దీవులు కదుల్తాయని నువ్వు చెప్పిన్నాడే తెలుసు నాకు, జారేది నా తిరగలని. జారిపోద్దని కింద గోనెముక్క పరవకుండా ఒక్క వాయైనా ఇసిరినానేటి ఎప్పుడైనా?”

“మరప్పుడే అనలేదేం?”

“అంటే గుద్దుకుంటాదేమోనని ఇంటికెల్లిపోవాల గదా మావా. నాకు ఎల్లాలని లేదు.”

నూకయ్య తాడు మళ్లీ ఒకసారి లాగి చూశాడు. తరవాత, “తాడు కోసీయాల. తిరగలి పోద్దే మరి,” అన్నాడు.

ఆమె తాడు పట్టుకుంది. పొద్దున్నే నా పిడి పట్టుకునే పట్టే అది, నాకు తెలుసు. “పోతే పోనీ. వచ్చే రేవులో ఇనప లంగరు కొను,” అంది. “మనం తిరగాలి.”

దీర్ఘం స్పష్టంగా వినపడింది. అంతలో తాడు తెగి వదులైంది. తరవాత ఆమె ఏమందో, అసలేమైనా అందో నాకు తెలియదు.

ఇప్పుడు నా నోట్లోకి అలలు రోజూ పిడికెడు ఇసక పోస్తుంటాయి. పిడి దగ్గర ఒక పీత కాపురం పెట్టింది. పైన నీడ కదిలినప్పుడల్లా మా పడవేమోనని చూస్తాను, ఎక్కువసార్లు మబ్బే అవుతుంది. ఉద్యోగంలో చేరాక పని బాగా నేర్చుకున్నది ఇప్పుడే. గాలొచ్చినా వానొచ్చినా వెంట్రుకవాసి కూడా జారడం లేదు. ఆపడానికి పడవే లేదు.