పైడమ్మ వీధి గది

ఒక దర్జీ కత్తెరను నేను. కొలిమిలో కాలి, సుత్తి దెబ్బలు తిని, సానరాయి మీద పదునెక్కి బొబ్బిలి చేరాను. పదకొండేళ్లు మస్తాన్ మాస్టరు చేతిలో ప్యాంట్లు, కోట్లు కత్తిరించాను. ఆయన చేతులు వణకడం మొదలయ్యాక, తన దగ్గర పని నేర్చుకున్న పైడమ్మకు నన్నిచ్చేశాడు.

పైడమ్మ చెయ్యి మంచిది, మనసే పిరికిది. ఒకసారి పెళ్లికూతురి జాకెట్టు మెడ వేలెడు ఎక్కువ కోసేసింది. రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ పిల్లేమో వేసుకుని అద్దంలో చూసుకుని మురిసిపోయింది! అయినా పైడమ్మ నెల్లాళ్లు ఆ వీధి మొహం చూడలేదు. ఏడాది తిరిగాక ఆ పిల్ల పేరే ఆమెకు గుర్తు లేదు. ఇలాంటి దిగుళ్లు ఎన్ని చూశానో.

అన్న సన్యాసిరావంటే మరీ భయం. ఆయన మానమంటే చదువు మానింది. చేసుకోమన్నవాణ్నే చేసుకుంది.

ఆమెకు యాభై తొమ్మిదేళ్లప్పుడు ఒక పొద్దున సన్యాసిరావు సెల్‌ఫోన్ల షాపతన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ ఇల్లు పైడమ్మకు తల్లి రాసిచ్చింది. ఆమె కుట్టుకునే వీధి గదిని అతనికి అద్దెకు ఇస్తానని ఈయన మాటిచ్చేశాడట. అతను టేపుతో గోడలు కొలుస్తున్నాడు.

పైడమ్మ వేళ్లు నా పిడి మీద బిగుసుకున్నాయి. గీత చివరిదాకా గుడ్డ కత్తిరించి, నన్ను బల్ల మీద పెట్టింది.

“అన్నియ్యా, గది నాది. నానివ్వను.”

“నీ మంచికే కదే! కళ్లు కనబడక ఎందుకీ పాట్లు?”

“కళ్లజోడుంది. పాట్లంటావా, నాకిష్టమే. ఇన్నాళ్లూ నువ్వు సెప్పినవన్నీ ఇన్నాను. ఇది ఇనను.” షాపతని వైపు తిరిగి, “బాబూ, టేపు సుట్టీయి,” అంది.

సన్యాసిరావు షాపతన్ని తీసుకుని గుమ్మం దిగిపోయాడు.

“అన్నతో తగువెందుకే?” అని పక్కింటి గౌరమ్మ కంగారుపడింది.

“కోపం తగ్గితే వస్తాడు. తగ్గకపోతే ఆ కోపం ఆయన్ది, నానేటి సేస్తాను?” అని పైడమ్మ సూదిలో దారం ఎక్కించుకుంది. మధ్యాహ్నం చేపల పులుసుతో మారు వడ్డించుకుంది.

ఆ నెలలోనే నా రెక్కల మధ్య మర వదులైంది. కొలతల కోసం పాత పేపర్లు కత్తిరిస్తూ బల్ల మీదే ఉంటున్నాను. ఆ గొడవైన ఆరు వారాలకు సన్యాసిరావు భుజం చిరిగిన చొక్కాతో రావడం అక్కణ్నుంచే చూశాను.

“ఇప్పుడే కుట్టీయవే.”

“ముందు నాలుగు జాకెట్లున్నాయి. గురువారం రా. కూకో, టీ పెడతాను.”

టీ తాగి వెళ్లాడు. గురువారం పొద్దున్నే వచ్చి, ఆమె పిలిచేదాకా వీధరుగు మీద కూర్చున్నాడు.